గరుడ నుదుటి బొట్టు

ఇన్‌స్పెక్టర్ త్రినాథరావు బల్ల మీద ఆ రోజు ఫైళ్ళూ లేవు, టీ గ్లాసూ లేదు. అన్నిటినీ కిందికి దింపేసి ఒక కంప్యూటర్ దర్జాగా కూర్చుంది. మానిటర్ నెత్తిన ఎండి అట్టకట్టిన పసుపూ కుంకుమా. తొంభై ఎనిమిదో సంవత్సరం దసరా వెళ్ళి ఇంకా రెండు వారాలు కాలేదు. స్టేషన్‌లోకి కంప్యూటర్ రావడం అదే మొదలు కాబట్టి కానిస్టేబుళ్ళు ఏదో వంక పెట్టుకుని గదిలోకి వచ్చి దాన్ని చూసి పోతున్నారు.

“రండి శకుంతలమ్మ గారూ! హంతకురాలి సంతకం చూపిస్తాను, కూర్చోండి,” అన్నాడు త్రినాథరావు.

అతను ఆ మాట అనేలోపే శకుంతలమ్మ కూర్చుంది. పదహారేళ్ళు పోలీసు శాఖలో పనిచేసి, పై అధికారితో పొసగక బయటికొచ్చి, ఎర్రగడ్డలో రెండు గదులు అద్దెకు తీసుకుని డిటెక్టివ్ బోర్డు తగిలించిన మనిషి ఆవిడ. ఆ బోర్డు చూసి నవ్వినవాళ్ళలో త్రినాథరావే మొదటివాడు. ఆ తర్వాత రెండు కేసుల్లో ఆవిడ చెప్పిందే నిజమైంది. అప్పట్నించీ ఆవిణ్ణి చూస్తే అతనికి నవ్వు రావడం మానేసింది, ఒళ్ళు మండటం మొదలైంది.

“సంతకం తర్వాత చూస్త గని సారూ, ఆ పిల్లను ఏమని తెచ్చిండ్రు? కాగితం మీద అరెస్టు రాసిండ్రా?”

“సాయంత్రం రాస్తాను. ప్రెస్ వాళ్ళని నాలుగింటికి రమ్మన్నాను. కంప్యూటర్‌తో చేసిన హత్యండీ, మాటలా! ఇంతకీ మిమ్మల్ని పెట్టుకుందెవరు? పిల్ల తరఫువాళ్ళేనా?”

“కాదు. సచ్చిపోయినాయన పెండ్లాం.”

త్రినాథరావు చేతిలో పెన్ను ఆగిపోయింది. “సత్యలక్ష్మి గారా?”

“ఆమెనే. మా ఇంట్ల అన్నం తిన్న పిల్ల మా ఆయనను చంపదు, చంపినోణ్ణి పట్టుకోండ్రి అని నా చేతులు పట్టుకున్నది. మొగని పదోనాడు గూడ కాలే పాపం.”

చచ్చిపోయినాయన కెమెరామన్ వీరరాఘవయ్య. ఫిల్మ్ నగర్‌లో శ్యామలాదేవి గారి స్టూడియోలో, కొత్త సినిమా మొదటి షాట్ నాడు పోయాడు. ఆ స్టూడియోలో కెమెరాని మోసే పొడవాటి ఇనప చెయ్యి ఒకటుంది. దాన్ని కంప్యూటర్ నడుపుతుంది. పై నుంచి ఒయ్యారంగా దిగి, నేలకి ఆరడుగుల ఎత్తుకు రాగానే నడక తగ్గించి, పిల్లిలా ఆగాలి. ఆ రోజు తగ్గలేదు. కింద కుర్చీలో కూర్చున్న వీరరాఘవయ్య నెత్తి మీదికి కెమెరాతో సహా దిగిపోయింది. ఆ చేతిని నడిపే ప్రోగ్రామ్ పేరు గరుడ; అది ఉన్న స్టూడియో కంప్యూటరే ఇప్పుడు త్రినాథరావు బల్ల మీదున్నది. రాసింది మంజులత అనే ఇరవై ఆరేళ్ళ పిల్ల. తెల్లవారుజామున జీపు పంపి ఆమెను స్టేషన్‌కి తెచ్చారు.

“చూడండి మరి.” త్రినాథరావు మౌసుని పీత డెక్కను పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని, తెర మీది గరుడ బొమ్మ పైన కుడి మీట నొక్కాడు. ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. “వెర్షన్ వివరాలంటారు దీన్ని. కంపెనీ, స్టూడియో పేరు. ప్రోగ్రామ్, గరుడ. వెర్షన్, 2.4. తయారుచేసినవారు, కె. మంజులత. ఫైలు తేదీ సెప్టెంబరు పది. ఇది పైన రాసింది కాదండోయ్, ప్రోగ్రామ్ కడుపులోనే ఉంది. కంప్యూటర్లు తెలిసినాయన్ని పిలిపించి అడిగాను. చెయ్యి నెమ్మదించాలనే కట్టడి ఇందులో పీకేశారట.”

శకుంతలమ్మ తెర వైపు వంగింది. గోరంత బొమ్మ. రెక్కలు విప్పిన గరుత్మంతుడు, నుదుట ఎర్రటి చుక్క. బాగానే గీసింది పిల్ల అనుకుంది. చూపు అక్కడ ఆగకుండా కింది పేరు మీదికి జారిపోయింది.

“దసరా రాత్రి నుంచి ఆ పిల్ల టైఫాయిడ్‌తోని దవాఖానల పడ్డది సారూ. వీరరాఘవయ్య పోయిననాడే ఇంటికొచ్చింది.”

“అందుకే తేదీ చూడమంటున్నాను. సెప్టెంబరులోనే కట్టి దాచింది. దసరా రోజు కంప్యూటర్‌లో పెట్టేసి జ్వరమని పడుకుంది. ఆ తర్వాత గరుడని నడిపింది మొన్నేగా. బాంబు పెట్టినవాడు పేలేదాకా పక్కనే కూర్చుంటాడా ఏంటి?”

“ఎందుకు చంపుతదంట?”

“సెట్లో అందరి ముందూ ఆయన ఈ పిల్లని తిట్టాడు. నీ పక్షి నా కెమెరాని పగలగొట్టేదాకా నిద్రపోదా అన్నాడట. విన్నవాళ్ళు పదిమంది ఉన్నారు.”

“పని చేసే కాడ తిట్టినోళ్ళనల్ల చంపుకుంట పోతె, సారూ, మీ స్టేషన్ల ఎవరు మిగులుతరు?”

గుమ్మం దగ్గర కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. త్రినాథరావు వాడి వైపు ఒక్క చూపు చూసేసరికి వాడు మాయమయ్యాడు. వాడి స్థానంలో తెల్ల సఫారీ వేసుకున్న ఒక పెద్దమనిషి ప్రత్యక్షమయ్యాడు. ఒక చేతిలో టిఫిన్ క్యారియర్, ఇంకో చేతిలో సెల్ ఫోను. ఫోన్ చేసినవాడికీ ఎత్తినవాడికీ ఇద్దరికీ బిల్లు పడే రోజులవి, అది చేతిలో ఉన్నదంటే మనిషి దగ్గర డబ్బున్నట్టే లెక్క.

“నమస్కారమండీ. బసవపున్నయ్య నా పేరు. స్టూడియో మేనేజర్ని, శ్యామలాదేవి గారి తమ్ముణ్ణి. ఆ అమ్మాయికి చారన్నం తెచ్చానండీ. జ్వరం తగ్గి నాలుగు రోజులు కాలేదు, స్టేషన్ కూడు పడదు. కేసు సంగతి దేవుడెరుగు, మా దగ్గర పనిచేసిన పిల్ల కదా.”

శకుంతలమ్మకి అతని మీద మంచి అభిప్రాయం కలిగింది. అయినా కళ్ళకి వాటి అలవాటు వాటిది. “బూట్ల మీద గంత తెల్ల దుమ్మేందండీ?”

“అదాండీ! ఇల్లు మొదలెట్టానండీ, స్టూడియో వెనకాల గుట్ట మీద. ఇల్లు కట్టడం అంటారు గానీ ముందు బండలు పేల్చడంతోనే సరిపోతోంది. ఈ చప్పుళ్ళకి షూటింగులు చెడిపోతున్నాయని అక్కయ్య ఒకటే తిట్టు.”

మంజులతను లోపలికి తెచ్చారు. జ్వరం పిల్లను పీల్చి పిప్పి చేసింది. జుట్టు సగం ఊడింది, చున్నీ అంచుని రెండు చేతులతో నలుపుతూ నిలబడింది. బసవపున్నయ్య క్యారియర్ విప్పి గిన్నె ఆమె చేతిలో పెట్టాడు.

“తినుకుంట చెప్పు బిడ్డా,” అంది శకుంతలమ్మ. “ఈ ప్రోగ్రామ్ లోపట నీ పేరెట్ల వచ్చింది?”

“ప్రతిసారి నేనే రాస్తనమ్మా. బొమ్మ ఒక ఫైల్ల గీసుకుంటం. పేరు, వెర్షన్ నంబరు, కంపెనీ, ఇవన్ని ఇంకో ఫైల్ల టైపు చేస్తం. ప్రోగ్రామ్ కంపైల్ చేసేటప్పుడు ఆ రెండు గూడ లోపలికి పోయి అన్ని కలిసి ఒక్కటే ముద్దయితది. గప్పుడు బయటికి ఆ బొమ్మ కనపడ్తది, కుడి మీట నొక్కితె ఆ వివరాలు కనపడ్తయ్.”

“మరి నీ పేరు వేరేటోళ్ళు రాయొచ్చునా?”

“ఎవరన్న రాయొచ్చు. ఏం టైపు చేస్తె అదే. నువ్వు మంజులతవేనా అని కంప్యూటర్ అడుగుతదా?”

“అంటె ఊరగాయ జాడికి అంటించిన చీటీ అన్నట్టు. లోపలున్నది మామిడికాయనా నిమ్మకాయనా, చీటీకేం తెలుసు.”

“మరి తేదీ?” గద్దించాడు త్రినాథరావు.

“కంప్యూటర్ల గడియారం వెనక్కి తిప్పి కంపైల్ చేస్తె తేదీ గూడ వెనక్కే పోతది సార్.”

“చూశారా! ఈ దొంగ విద్యలన్నీ దీనికే తెలుసు. ఇంకెవరు చేస్తారండీ?”

మంజులత గిన్నె కింద పెట్టేసింది. కళ్ళ నీళ్ళు చారులో పడ్డాయి. “అసలు ప్రోగ్రామ్ అంత నా ఫ్లాపీలల్ల ఉన్నదమ్మా. కంప్యూటర్ల ఉంచితె ఎవరన్న చెరుపుతరని ఫ్లాపీలల్లనే పెట్టుకుంట. అవి తెప్పిస్తె అండ్ల కట్టడి ఉన్నదా లేదా తేలిపోతది. దసరాకు స్టూడియోల దేవుని గదిల పూజకు పెట్టిన. అటెన్కనే జరమొచ్చింది.”

“నేను వెతికానమ్మా,” అన్నాడు బసవపున్నయ్య బాధగా. “ఇన్‌స్పెక్టర్ గారు అడిగిన రోజే గదంతా చూశాను. ఫ్లాపీలు లేవు.”

శకుంతలమ్మ ఆలోచనలో పడింది. పోలీసు ఉద్యోగంలో ఆవిడ నేర్చుకున్నది ఒక్కటే. దారి మూసుకుపోయినప్పుడు మనిషి చేత ఆ రోజంతా మొదట్నించీ చెప్పించాలి. “దసరానాడు ఏమేం జరిగిందో పొద్దుగాల్నుంచి చెప్పు బిడ్డా. ఉత్త ముచ్చటైనా సరే, ఇడవకు.”

“ఏం జరుగుతదమ్మా, ఆయుధపూజ. కెమెరాలకు, లైట్లకు, కంప్యూటర్లకు అన్నిటికి పసుపు కుంకుమ పెట్టిండ్రు. మేడం వచ్చి, అన్నిటికి బొట్టు పెట్టారు, మీ గరుడకి పెట్టలేదేం అన్నది. మానిటర్‌కు పెట్టినం గద మేడం అన్న. అది డబ్బా, గరుడ లోపలున్నాడు కదా, ఆయనకి పెట్టు అన్నది.” ఆ పరిస్థితిలోనూ మంజులత పెదవులు కాస్త విచ్చుకున్నాయి. “నవ్వుకుంట బొమ్మ తెరిచిన. ముప్ఫై రెండు చుక్కల పొడుగు, గంతే ఎడల్పు ఉంటది ఆ బొమ్మ. నుదుటి కాడ మూడు చుక్కలు ఎర్రగ చేసిన. బొమ్మ మారింది కాబట్టి నంబరు గూడ మార్చి, 2.5 అని రాసి మల్ల కంపైల్ చేసిన. మేడం తెరకు హారతిచ్చింది. గదే కాపీ ఫ్లాపీలల్ల పెట్టి పూజకు ఇచ్చిన.”

శకుంతలమ్మ కుర్చీలో నిటారుగా అయింది.  ఇందాక తన చూపు జారిపోయిన చోటు కళ్ళ ముందుకొచ్చింది.

“బిడ్డా, ఆ దినానికంటె ముందు గరుడకు బొట్టు లేకుండెనా?”

“లేదమ్మా. ఉంటె మేడం ఎందుకు పెట్టమంటది?”

“ఈ తెర నీకు చూపించిండ్రా వీళ్ళు?”

“లేదు. టైపు కొట్టిన కాగితం చూపించి, గీ పేరు నీదేనా అంటే అవునన్న.”

శకుంతలమ్మ లేచి, ఎవరి అనుమతీ అడక్కుండా, మానిటర్‌ని రెండు చేతులతో పట్టుకుని మంజులత వైపు తిప్పింది. త్రినాథరావు “ఏయ్, ఏయ్, సాక్ష్యమండీ అది!” అని అరిచాడు. మంజులత తెరను చూసింది. నోరు తెరుచుకుంది.

“ఇదేంది! 2.4 అని రాసుంది గద, మరి బొట్టెక్కడిది? 2.4కు బొట్టు లేకుండె!”

“విన్నరా సారూ? చీటీ మీద సెప్టెంబరు. నుదుట దసరా బొట్టు. సెప్టెంబరుల దీనికి బొట్టు ఎట్లొస్తది? ఇది దసరా అయినంక కట్టిన ప్రోగ్రాము. ఈ పిల్ల దవాఖానల సెలైన్ ఎక్కించుకుంట పడి ఉన్నప్పుడు, ఎవరో ఈమె ఫ్లాపీలు తీసి, కట్టడి పీకి, నంబరు తగ్గించి, తేదీ ఎనక్కి నెట్టి కట్టిండ్రు. అన్ని మార్చిండ్రు గని బొమ్మ మార్చుడు మర్చిండ్రు.”

త్రినాథరావు తెర దగ్గరికి వంగి ఆ చుక్కని చూశాడు. కానీ అంత తేలిగ్గా లొంగే ఘటమా! “బొట్టు దసరాకే పెట్టిందని ఎవరు చెప్పారు? ఇదేగా చెప్పింది! ముద్దాయి మాట సాక్ష్యమవుతుందాండీ?”

“శ్యామలాదేవి గారి మాట అయితది గద. పోయి అడుగుదాం పాండ్రి. ఇప్పుడే, మీ జీపులనే. గని ఒక షరతు సారూ. అరెస్టు మీరింక రాయలేదు. జరమొచ్చి లేచిన పిల్లను ఉత్త పుణ్యానికి కూసోబెడితిరి. పూచీకత్తు తీసుకుని ఇంటికి పంపియ్యుండ్రి. పేపరోళ్ళ ముంగట ఈ పిల్లను నిలబెట్టినంక రేపు బొట్టు ముచ్చట బయటికొస్తే, నవ్వులపాలయ్యేది ఎవరు? నేనా?”

ఆ దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. త్రినాథరావు పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. “పూచీ ఎవరిస్తారు?”

“నేనిస్తానండీ,” అన్నాడు బసవపున్నయ్య. అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. పిల్ల మీద ఎంత జాలి ఈయనకి అనుకుంది శకుంతలమ్మ. “మీరు అక్కయ్య దగ్గరికి వెళ్ళండి. ఇక్కడ కాగితాల పని నేను చూసుకుంటాను.”

“మీకు పుణ్యముంటది,” అంది శకుంతలమ్మ, మనస్ఫూర్తిగానే.

స్టూడియో ఫ్లోర్ మధ్యలో గరుడ చెయ్యి ఇప్పుడు గొలుసులతో కట్టేసి ఉంది. కింద సుద్దముక్కతో గీసిన గుండ్రం, దాని పక్కన నడుం విరిగిన కుర్చీ. త్రినాథరావు తలుపు దగ్గరే నిలబడి చేతిగడియారం చూసుకుంటున్నాడు. శకుంతలమ్మ కుర్చీ చుట్టూ తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, విరిగిన వీపుని పైకి లేపి చూసింది. గుడ్డ మీద తెల్లరంగుతో ఏదో పేరుంది.

“సారూ, మీ పంచనామాల ఏం రాసిండ్రు దీన్ని?”

“విరిగిన కుర్చీ ఒకటి.”

“ఎవరి కుర్చీ అన్నది రాయలే?”

“కుర్చీ ఎవరిదైతే ఏంటండీ?”

“ఇటొచ్చి సదువుండ్రి.”

చదివాడు. శ్యామలాదేవి అని ఉంది. సినిమావాళ్ళ కుర్చీల మీద పేర్లుంటాయి, ఒకరి కుర్చీలో ఒకరు కూర్చోరు, ఆ సంగతి ఫిల్మ్ నగర్‌లో టీ అమ్మేవాణ్ణి అడిగినా చెప్తాడు. త్రినాథరావు అడగలేదు, అంతే.

అంతలో శ్యామలాదేవి వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, జరీ లేని నేత చీర, నడుముకి తాళాల గుత్తి. తండ్రి కట్టించిన స్టూడియో, పెళ్ళి కూడా మానుకుని దాన్నే సాకుతూ వచ్చిందని ఊరంతా చెప్పుకుంటారు.

“ఆ కుర్చీ నాదే,” అంది. “మా ఆనవాయితీ అది. ఏ సినిమా అయినా మొదటి షాట్‌కి నేను దేవుడి పటం ఒళ్ళో పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చుంటాను. కెమెరా పైనుంచి దిగి పటం మీద ఆగుతుంది. నాన్నగారి రోజుల్నించీ అంతే. ఆ రోజు పటానికి దండ వెయ్యడం మర్చిపోయి దేవుడి గదిలోకి వెళ్ళాను. నేనొచ్చేలోగా ఫోకస్ చూసుకుందామని వీరరాఘవయ్య నా కుర్చీలో కూర్చుని ‘రెడీ’ అన్నాడట...” ఆవిడ సుద్ద గీత వైపు చూడకుండా మొహం తిప్పుకుంది.

“అంటె ఆ చెయ్యి ఆయన కోసం దిగలేదమ్మా,” అంది శకుంతలమ్మ మెల్లగా. “మీ కోసం దిగింది.”

 త్రినాథరావు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“అమ్మా, గరుడ బొమ్మకు బొట్టు పెట్టించింది మీరేనా? ఎప్పుడు?”

“నేనే. దసరా రోజు పొద్దున, నా కళ్ళ ముందే పెట్టింది మంజులత. అంతకుముందు బోసి నుదురుతో ఉండేవాడు పాపం. ఏం?”

శకుంతలమ్మ త్రినాథరావు వైపు తిరగలేదు. తిరిగితే ఇక్కడ గెలిచినట్టు ఉంటుంది. ఆవిడకి ఇప్పుడు గెలుపు కన్నా ముఖ్యమైన భయం పట్టుకుంది. “దేవుని గది ఏదమ్మా?”

కంట్రోల్ రూమ్ పక్కనే ఉంది. శ్యామలాదేవి నడుం దగ్గరి గుత్తిలోంచి తాళంచెవి తీసి తెరిచింది. పటాల ముందు బంగారపు రంగు అట్ట అంటించిన ఫ్లాపీల పెట్టె, దాని మీద ఆ పొద్దుటి మందారం.

“ఇదుగో, మంజులతదే. పూజలో పెట్టిన వస్తువు ఎవరిది వాళ్ళే తియ్యాలి కదా. ఆ అమ్మాయి వచ్చి తీసుకునేదాకా నేను ముట్టుకోనని రోజూ పువ్వు పెడుతున్నాను.”

“నాకు జర పాపం తగిలినా ఫరవాలేదు,” అంటూ శకుంతలమ్మ పువ్వు పక్కన పెట్టి మూత తీసింది. పెట్టె ఖాళీ. ఇన్ని రోజులూ ఆవిడ ఖాళీ పెట్టెకి పూజ చేసింది.

“ఈ గదికి తాళంచెవులెన్ని?”

“రెండు.”

“రెండోది?”

శ్యామలాదేవి చేతిలోని గుత్తిని చూసుకుంది. ఆవిడ మొహంలో ఒక్కో ఆలోచనా వచ్చి కూర్చోవడం కనిపిస్తూనే ఉంది. “మా తమ్ముడి దగ్గర,” అంది చివరికి.

“ఆయనకు కంప్యూటర్ పని వస్తదా?”

“ఆ అమ్మాయే నేర్పింది. రోజూ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని... గురువుగారూ అని పిలిచేవాడు దాన్ని. దసరాకి చీర కూడా పెట్టాడు.” ఆవిడ తలుపు పట్టుకుంది. “శ్రావణంలో ఎవరో బిల్డర్ని తీసుకొచ్చాడు. ఈ స్థలం ఇచ్చేస్తే మేడలు కడతాడట. నేను బతికుండగా అమ్మనురా, నా తర్వాత ఎలాగూ నీదే కదా అన్నాను. నేనే అన్నాను, నా నోటితో.”

“అంత తెలివైనవాడు బొట్టు ఎలా వదిలేశాడండీ?” త్రినాథరావు గొంతులో మొదటిసారి వెటకారం లేదు.

“బొట్టు లేకపోతె కండ్లకు కొడ్తది సారూ. ఉంటె ఎవడు చూస్తడు? పొద్దుగాల మీ బల్ల మీద నేనూ చూసిన, మీరూ చూసిండ్రు. గడప మీది బొట్టు ఎవరికన్న ఆనుతదా?” ఆవిడ మాట మధ్యలోనే ఆగిపోయింది. “అయ్యో, నా నోరు పడ! ఆయన ముంగటనే మొత్తం చెప్పిన గద! స్టేషన్‌కు ఫోన్ చెయ్యుండ్రి, జల్దీ!”

త్రినాథరావు కంట్రోల్ రూమ్‌లోని ఫోన్ అందుకున్నాడు. అవతలి మాట విన్నాడు. రిసీవర్ పెట్టేసి అన్నాడు, “మనం ఇటు రాగానే పూచీ కాగితం మీద సంతకం పెట్టి, కార్లో ఎక్కించుకుని వెళ్ళాడట. ఎర్రగడ్డ ఆస్పత్రిలో చూపించి ఇంటి దగ్గర దింపుతానన్నాడట.”

శకుంతలమ్మ పక్కనున్న స్టూలు మీద కూలబడింది. పిల్లను వదలమన్నది తను. షరతు పెట్టింది తను. మీకు పుణ్యముంటుందని దండం పెట్టినంత పని చేసింది తను. సత్యలక్ష్మి చేతులు ఇంకా తన చేతుల్ని పట్టుకున్నట్టే ఉంది.

“ఎర్రగడ్డకి వైర్‌లెస్ కొట్టిస్తాను,” అన్నాడు త్రినాథరావు.

ఫోన్ మోగింది.

శ్యామలాదేవి చెయ్యి చాచింది. శకుంతలమ్మ తల అడ్డంగా ఊపి రిసీవర్ ఎత్తింది.

“అక్కయ్యా?”

“నేనండి, శకుంతలను. మేడం లోపలున్నది.”

“మీరాండీ! మంచిదయింది. మంజులతకి కాస్త నీరసంగా ఉంటే ఎర్రగడ్డ ఆస్పత్రికి తీసుకొచ్చానండీ, డాక్టరు కోసం వార్డు బయట కూర్చున్నాం. ఏమన్నా తేలిందాండీ అక్కడ? దేవుడి గది చూశారా?”

“ఎక్కడిదండి. స్నానం చెయ్యకుండ తాళం తియ్యనంటున్నది మేడం. పెద్దోళ్ళ పట్టింపులు తెలిసిందే గద.” ఆవిడ త్రినాథరావుకి కదలొద్దని సైగ చేసింది.  “ఒక్క మాట అడిగేదున్నది, పిల్లకు ఫోనియ్యరా?”

 అవతలి నుంచి, “ఒక్క నిమిషమేనండీ, బిల్లు మీకు తెలుసుగా,” అన్న నవ్వు.

“అమ్మా,” మంజులత గొంతు నీరసంగా వచ్చింది. “సారు చెప్తె కాగితం రాస్తున్న. తప్పంత నాదే, నన్ను క్షమించుండ్రి అని రాస్తె జడ్జిగారు జాలిపడి ఇడుస్తరంట. రాసుడు అయిపోయింది, సంతకమొక్కటే ఉన్నది.”

శకుంతలమ్మకి అర్థమైంది. మొదటి చీటీ అతను టైపు చేశాడు, దొరికిపోయాడు. ఈ చీటీ పిల్ల చేతే రాయిస్తున్నాడు. దాని కింద సంతకం పడ్డ తర్వాత ఇక రాసిన మనిషితో అతనికి పని లేదు.

“బిడ్డా,” అంది, అతను పక్కనుంచి వింటున్నాడని తెలిసి, నవ్వు తెచ్చిపెట్టుకుంటూ, “జరానికి చేతులు వణుకుతుంటయ్ గద. ఇన్ని నీళ్ళు తాగి, పానం కుదురుకున్నంక నిమ్మళంగ పెట్టు సంతకం. తొందరేం లేదు.”

ఫోన్ చేతులు మారిన చప్పుడు. “ఉంటానండీ మరి, డాక్టరు పిలుస్తున్నారు,” అన్నాడు బసవపున్నయ్య.

అతని మాట వెనకాల ఎవరో దూరంగా ఈల వేశారు. ఒకటి, ఇంకొకటి. ఎవరో “పక్కకి! పక్కకి!” అని కేకేశారు. ఆ వెంటనే రిసీవర్‌లో ధన్‌మని ఒక చప్పుడు, లైను తెగిపోయింది.

ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు ఏమీ లేదు. తర్వాత అదే చప్పుడు స్టూడియో వెనక గుట్ట మీంచి వచ్చింది. కంట్రోల్ రూమ్ కిటికీ అద్దాలు గలగలలాడాయి.

శకుంతలమ్మ రిసీవర్ వదిలేసి అప్పటికే తలుపు దగ్గరుంది. “ఎర్రగడ్డ గాదు సారూ, ఆయన బండలు పేల్చే గుట్ట మీదికి ఉరుకుండ్రి! ఆ పిల్ల సంతకం పెట్టేలోపటనే!”